విప్పని తెల్ల కవరు

క్లిఫర్డ్ ఎర్నెస్ట్ ఆక్రాయిడ్‌ను వినిఫ్రెడ్ లమ్ మొదటిసారి చూసింది హాలిఫాక్స్ గ్రంథాలయంలో, ఒకప్పటి బడి టీచరైన ఆమె గురువారాలు జనానికి ఉత్తరాలు రాసిపెట్టే బల్ల దగ్గర. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి విరమించిన ఆ మనిషి ముందు క్షమాపణ చెప్పుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, ఆ తరువాతే కూర్చున్నాడు.

మొదట జరిగింది చిన్న విషయమే. భార్య డోరీన్‌కు మోకాళ్ళు పట్టేసి, మందుల దుకాణం నుంచి కారు దాకా నడవడానికి ఆలస్యమైంది. అక్కడ పార్కింగ్ చూసే ప్రైవేటు కంపెనీ కెమెరా ఇచ్చిన గడువు కన్నా పంతొమ్మిది నిమిషాలు ఎక్కువ చూపింది. వంద పౌండ్లు కట్టమని ఉత్తరం వచ్చింది.

"అప్పుడే అభ్యంతరం రాసి పంపవలసింది. ఎందుకు రాయలేదు?" అని వినిఫ్రెడ్ అడిగింది.

"నేను బంతులాటకు వెళ్ళే బౌల్స్ క్లబ్బులో అందరూ నవ్వారండీ. పోలీసు జరిమానా కాదు, ప్రైవేటు కాగితం, చెత్తలో పారెయ్ అన్నారు. మా నేస్తం రెగ్ అయితే అలాంటివి పదకొండు పారేశాడట."

"ఆయనకు కోర్టు నుంచి ఏమీ రాలేదా?"

"వచ్చినా వాడికెలా తెలుస్తుందండీ? వాడూ విప్పడుగా."

బాకీ వసూలు కంపెనీ ఎర్రక్షరాల ఉత్తరాలు ఐదు పంపింది. ఐదూ పాత కాగితాల డబ్బాలో పడ్డాయి. తరువాత వచ్చిన తెల్ల కవరు కోర్టుది. అదీ విప్పకుండానే వాటి వెనకాల వెళ్ళింది. జవాబు రాకపోవడంతో కోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. మెట్లెక్కనక్కరలేని కింది వాటా ఒకటి అద్దెకు అడిగిన రోజున గాని అతనికి ఆ సంగతి తెలియలేదు. పేరు మీద అలాంటి తీర్పు ఉన్నవారికి ఇల్లు ఇవ్వలేం అన్నారు ఇంటివాళ్ళు. అప్పటికి మూడు నెలలుగా డోరీన్ రెండో అంతస్తు దిగలేదు. తీర్పు రద్దయితే మాత్రం ఆ వాటా ఇస్తామన్నారు.

తీర్పు రద్దు చేయమని వినిఫ్రెడ్ కోర్టుకు దరఖాస్తు రాసి, ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు దిద్దింది. విచారణలో అతని పక్కనే కూర్చుంది.

"కోర్టు ఉత్తరం మీకు అందలేదా?" అని న్యాయమూర్తి సౌమ్యంగానే అడిగాడు.

అందలేదంటే బయటపడేవాడేమో. వినిఫ్రెడ్ తన చేతుల వైపు చూసుకుంది.

"అందిందండీ. నేనే పారేశాను."

దరఖాస్తు కొట్టివేశారు.

బయటికి వచ్చాక అతను బస్సుల వైపు చూస్తూ అన్నాడు.

"టీచరుగారూ, ఆ ఇంటి కిటికీలకు డోరీన్ అప్పుడే కర్టెన్లు కుడుతోంది. ఆ వాటా ఇంకెవరికో ఇచ్చేశారని మీరు చెబుతారా? నేను చెబితే మొహం చూసి అబద్ధమని పట్టేస్తుంది."