డీకన్‌గారి కుర్చీ

బాలస్వామి గురుపట్టాభిషేకం పొంది ఫాదర్ కావడానికి ఇంకా రెండు నెలలుంది; అప్పటిదాకా డీకనే. కోడేరు చుట్టుపక్కల ఏ విశ్వాసి ఇంటికి వెళ్లినా అతనికి ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు, తువ్వాలుతో తుడిచి మరీ. చేతికి కూల్‌డ్రింకు ఇస్తారు. ఆపైన అతన్ని వదిలేసి, అతని వెంట వచ్చి చాప మీద కూర్చున్న మాసయ్య చుట్టూ చేరతారు; ఊళ్లలో ప్రార్థనలు నడిపే ముసలి ఉపదేశి ఆయన. మోకాళ్ల నొప్పులూ, వలసపోయిన కొడుకుల ముచ్చట్లూ ఆయనకే. అంబలి గిన్నె కూడా ఆయనకే. ఏళ్ల తరబడి వేదాంతం చదివిన బాలస్వామికి కడుపు మండిపోతుంది. ప్రార్థనకు కళ్లు మూసుకున్నా ఆ గిన్నే కనబడుతుంది.

మొన్న శాంతమ్మ ఇంట్లో కుర్చీ లేదు. "ఏమనుకోకుండ్రి ఫాదర్, పక్కింటోళ్లు పెండ్లికి తీస్కపోయిండ్రు. జర కిందనే కూసోండ్రి," అంది. బాలస్వామి వెళ్లి మాసయ్య పక్కనే చాప మీద సర్దుకున్నాడు. శాంతమ్మ ఇద్దరికీ అంబలి పోసి, ఉన్నట్టుండి బాలస్వామి చెయ్యి పట్టుకుంది. "మా పిల్లగాడు ఫోన్ జేసి మూడు నెల్లాయె బిడ్డా!" జపాల పుస్తకం తెరవకుండానే బాలస్వామి నోట ప్రార్థన వచ్చింది. తన ప్రార్థనను అవతల ఎవరో వింటున్నారని తొలిసారి అనిపించింది.

తర్వాతి ఇంట్లో మళ్లీ కుర్చీ వేశారు. "పెద్దోళ్లు, మీరు కూసోండి," అంటూ మాసయ్యను అందులో కూర్చోబెట్టి, గబుక్కున చాప మీద ఆయన చోటు పట్టేశాడు బాలస్వామి. కూల్‌డ్రింకు మాసయ్య చేతికి వచ్చింది.