పదకొండో తేదీ

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే ఆఖరి తేదీ మర్చిపోయి చదువు పోగొట్టుకున్నవాణ్ణి నేను. ఆలస్య రుసుముతో కట్టే తేదీ కూడా మర్చిపోయాను. అలాంటివాణ్ణి ఇవాళ తెనాలి స్టేషను దగ్గర మేడమీద గదిలో కూర్చుని, జనానికి ఆఖరి తేదీలు గుర్తుచేసి బతుకుతున్నాను. వ్యాపారస్తుల జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. 2024 నవంబరులో జరిగిన ఒక సంగతి మాత్రం నా హాస్యానికి లొంగలేదు. అది చెప్పాలంటే ముందు కాస్త పాఠం తప్పదు.

వ్యాపారి సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. ఇదే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్. అయితే అమ్మినవాడు ఆ బిల్లును కొన్నవాడి జీఎస్టీ నంబరుతో తన రిటర్నులో ఎక్కించాలి. అలా ఎక్కినవన్నీ కొన్నవాడికి నెలకోసారి 2బీ అనే పట్టీలో కనిపిస్తాయి. పట్టీలో లేని బిల్లు ఇంట్లో పటం కట్టించుకోవడానికే పనికొస్తుంది. ఒక ఆర్థిక సంవత్సరం బిల్లుల మీద క్రెడిట్ తీసుకునే గడువు ఆ తరవాత వచ్చే నవంబరు ముప్పై. ముప్పై అనేది పేరుకే. ఆలోగా మేం వేసే చివరి రిటర్నుకు ఆధారమైన పట్టీలో బిల్లు కనపడాలంటే, అమ్మినవాడు నవంబరు పదకొండుకల్లా ఎక్కించి తీరాలి. మాకు ఏడాది పదకొండునే ముగిసిపోతుంది. మిగతా పందొమ్మిది రోజులూ ఏడవడానికి ఇచ్చినవి.

నేను రిటర్నులు వేసే ఏసురత్నం అన్నకి బాపట్లలో వెల్డింగ్ షాపు. గేట్లు, షట్టర్లు, రేకుల షెడ్లు చేస్తాడు. ఆదివారం చర్చిలో పాటలు, మిగతా వారమంతా గ్రైండరు చప్పుడు. ఇనుము మాత్రం ఏనాటినుంచో రేపల్లెలో నాగేశ్వరరావుగారి కొట్టులోనే కొంటాడు. అంతకు ముందటేడు ఒక పెద్ద షెడ్డు పని దొరికి, ఎన్నడూ లేనంత ఇనుము తెచ్చాడు. నాగేశ్వరరావుగారి అకౌంటెంటు ఆ బిల్లుల్ని పొరపాటున చిల్లర అమ్మకాల్లో కలిపేశాడు. పన్ను సర్కారుకు చేరింది గానీ, ఏసురత్నం నంబరు లేకపోవడంతో అతని పట్టీలోకి రాలేదు. క్రెడిట్ లేదు గనక షెడ్డు మీది పన్నంతా అతను చేతినుంచి కట్టాడు. ప్లేట్లు వంచే మిషను తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. బిల్లులు సరిచేస్తే క్రెడిట్ వస్తుంది, ముందు ముందు కట్టాల్సిన పన్ను తగ్గుతుంది, ఆ మిగులుతో మిషను విడిపించుకోవచ్చు. అంతా ఆ బిల్లుల మీదే ఆధారపడి ఉంది.

నేను నెలనెలా ఫోను చేసేవాణ్ణి. "ఈ నెల చేయిస్తాలేవయ్యా తెనాలీ" అనేవారు నాగేశ్వరరావుగారు.

"మీతో నాకెందుకండి. బిల్లు మీద ప్రొప్రైటరు కోటేశ్వరమ్మ అని ఉంది. ఓనరమ్మని అడుగుతాను, ఫోనివ్వండి" అనేవాణ్ణి నేను. కొట్టు ఆయన భార్య పేరు మీద ఉండేది మరి.

ఆయన పగలబడి నవ్వేవారు. "ఆవిడ కొట్లో అడుగుపెట్టిందెప్పుడు? ఆ పేరు మీదున్న సిమ్ము కూడా నా జేబులోనే ఉంది."

ఆ సిమ్ముకే ఓటీపీ వస్తుంది. అది చెబితేనే రిటర్ను లోపలికి వెళ్తుంది. అక్టోబరు రిటర్నులో తప్పకుండా సరిచేయిస్తానని ఆయన మాటిచ్చారు. దీపావళి వెళ్ళిన వారంలో, కొట్లో తూకం వేయిస్తూ కుప్పకూలిపోయారు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

రేపల్లె అకౌంటెంటుకి ఫోను చేశాను. "అంతా రెడీ చేసి ఉంచానండి. ఓటీపీ వస్తే ఐదు నిమిషాల పని. కానీ ఆ ఇంటికెళ్ళి నేనడగలేనండి" అన్నాడు.

ఏసురత్నంతో చెప్పాను.

"వాళ్ళకి పదకొండు రోజులు ఉంటాయి గదా తమ్ముడూ. పెదకర్మ అయ్యేదాకా ఆగుదాం."

"అన్నా, వాళ్ళ పదకొండో రోజు వేరు, మన పదకొండో తేదీ వేరు. ఆగితే మిషను పోద్ది."

"మా వాళ్ళల్లో అయితే సమాధి చేసిన మర్నాడు ప్రార్థన పెట్టుకుని పనిలోకి పోతాం. మా ఇంట్లో అయితే అడగనిద్దును. వాళ్ళ పద్ధతి వేరు. కులం కాదు, మతం కాదు, ఇనుము బిల్లుల కోసం వచ్చాడనుకుంటారు. నా వల్ల కాదు."

"పోనీ పలకరించడానికి వెళ్దాం. అక్కడ వీలుంటే నేను కదుపుతాను."

"కదిపితే నీకూ నాకూ చెడుద్ది" అన్నాడు. అన్నాడు గానీ మర్నాడు పొద్దున్నే బాపట్ల నుంచి వచ్చి తెనాలి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కాతో. ఇద్దరం రేపల్లె బండెక్కాం. కిటికీ బయట మాగాణి పచ్చగా ఉంది. దారి పొడుగునా నేను ఒక్క జోకూ వేయలేదు. అతనే రెండుసార్లు అడిగాడు, ఒంట్లో బాగాలేదా అని.

ఆ ఇంట్లో వరండా నిండా ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల నిండా మనుషులు. లోపల గోడవారగా కోటేశ్వరమ్మగారు చాప మీద కూర్చుని ఉన్నారు. పక్కనే, ఆ సిమ్మున్న నాగేశ్వరరావుగారి ఫోను. మేం కూర్చోగానే అది మోగింది. ఆవిడ తీసి చూసి, కట్ చేసి, మళ్ళీ పక్కనే పెట్టుకున్నారు. నాకూ ఆ ఫోనుకూ మధ్య రెండు మూరల దూరం.

"కాఫీ తాగారా అన్నయ్యా?" అని ఆవిడే అడిగారు.

"తాగామమ్మా" అన్నాడు ఏసురత్నం. తాగలేదు.

"బాపట్ల నుంచి ఇంత దూరం వచ్చారు. ఏమన్నా పనుందా అన్నయ్యా?"

నేను గొంతు సవరించుకున్నాను. ఏసురత్నం నా మోకాలి మీద చెయ్యి వేశాడు. వెల్డింగు నిప్పురవ్వలకు మచ్చలు పడిన చెయ్యి. గట్టిగా నొక్కాడు.

"పనేం లేదమ్మా. ఒకసారి చూసి పోదామని."

ఆవిడ తలూపి మళ్ళీ గోడకు ఆనుకున్నారు. కాసేపటికి లేచి నమస్కారం పెట్టి వచ్చేశాం.

పదకొండు దాటింది. పట్టీ వచ్చింది, అందులో ఆ బిల్లులు లేవు. పెదకర్మ అయ్యాక అకౌంటెంటు వెళ్ళి అడిగితే ఆవిడ అప్పటికప్పుడే ఓటీపీ చెప్పారు. బిల్లులు ఎక్కాయి. అవి మా పట్టీలో కనిపించేసరికి డిసెంబరు వచ్చింది, క్రెడిట్ గడువు పోయింది. పన్ను ఖజానాకు చేరిందని, మనిషి పోయాడని ఆఫీసులో చెప్పి చూశాను. అక్కడి అధికారి అంతా ఓపిగ్గా విన్నాడు. "బాధగానే ఉందండి. సెక్షన్‌లో బాధకి క్లాజు లేదు" అన్నాడు. చమత్కారంలో నాకు పోటీ వచ్చినవాడు ఆయనొక్కడే.

సంక్రాంతి వెళ్ళాక మిషను వేరే వాళ్ళ షెడ్డుకు వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏసురత్నం ప్లేట్లు ఆటోలో వేసుకుని అక్కడికే వెళ్ళి, తన మిషను మీద తనే డబ్బిచ్చి వంచుకుని వస్తాడు. ఈ సంగతిలో నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఈ కేసు తరవాత నా పద్ధతి ఒకటి మారింది. కొత్త పార్టీ వస్తే పాన్ కార్డు కంటే ముందు, ఎవరి పేరు మీద వ్యాపారం, ఆ పేరు గల మనిషి ఎక్కడుంటారు అని అడుగుతాను. భార్యల పేరు మీద కొట్లు పెట్టినవాళ్ళందరికీ చెబుతాను, ఆవిణ్ణి నెలకోసారైనా కూర్చోబెట్టి ఓటీపీ ఆవిడ చేతే చెప్పించమని. నవ్వుతారు. నవ్వించడం నా అలవాటు గనక ఇదీ జోకే అనుకుంటారు.

మొన్న వేసవిలో కోటేశ్వరమ్మగారు తెనాలి వచ్చారు. కొట్టు ఆవిడే నడుపుతున్నారు. రిటర్నులు నన్ను వేయమని అడగడానికి మేడ మెట్లెక్కి వచ్చారు. ఆ మధ్యనే ఎవరి ద్వారానో మిషను సంగతి విన్నారట. నేను వాతావరణం తేలిక చేద్దామనుకుని, "ఆరోజు మీ ఇంట్లో మా నోరు పెగల్లేదమ్మా. పోయినవారి ఇంట్లో వ్యాపారం మాట్లాడితే ఏం బాగుంటుందని ఊరుకున్నాం. నా నోటికి సెలవు దొరికింది ఆ ఒక్కరోజే" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. చేతిసంచీలోంచి, ఆరోజు పక్కన పెట్టుకున్న ఆ ఫోను తీసి నా బల్ల మీద పెట్టారు.

"పనేంటని అడిగాను గదా అన్నయ్యా. పోయింది మా ఆయన. కొట్టు ఓనరు కాదు."