చదివి వినిపించానని రాశాను

1956. ఏలూరు కోర్టు ఆవరణలో చెక్కపెట్టె ముందేసుకుని అర్జీలు రాసేవాణ్ణి. చదువురానివాళ్ల వేలిముద్ర పక్కన మేం తప్పకుండా రాసే మాట ఒకటుంది: "చదివి వినిపించగా సరేనని ఒప్పుకున్నారు." అది రాసీ రాసీ, చదివినా చదవకపోయినా కలం దానంతటదే రాసేసేది. ఆ అలవాటు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కొల్లేటికోట నాగమ్మ కొడుకుని, వల కట్టే చోటు కోసం తగాదాపడి, ఊరిపెద్ద మేనల్లుడు బల్లెంతో పొడిచి చంపాడు. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టూ ఖాయం చేసింది. ఇక మిగిలింది మెర్సీ పిటిషన్, అంటే ప్రాణం నిలపమని ప్రభుత్వాన్ని వేడుకునే అర్జీ. దానికి జతచేసే కాగితం రాయించడానికి ఊరిపెద్ద నాగమ్మనే వెంటబెట్టుకొచ్చాడు.

"కన్నతల్లే క్షమించిందని రాయండి. ఆవిడకన్నీ చెప్పానండీ," అని నా చెవిలో అన్నాడు.

రాశాను. చదవకుండానే ఆ అలవాటు మాటా కింద రాసేశాను. ఆవిడ కళ్లనీళ్లతో వేలిముద్ర వేసింది. ఎంత పెద్ద మనసో అనుకున్నాను, వెర్రివెధవని!

పదిరోజులకి ఒక్కతే వచ్చింది. "మావాడి దోనె ఎప్పుడిస్తారండీ?"

"ఏ దోనె అమ్మా?"

"అదేంటండీ, ఇప్పించమని మీరే రాశారు కదా!"

వాడు చేపలకెళ్లే ఆ చిన్న పడవ కేసులో ఎం.ఓ., అంటే సాక్ష్యం కింద కోర్టు అట్టేపెట్టుకున్న వస్తువు. అర్జీ ఆ దోనె ఇప్పించమనేనని ఆవిడకి చెప్పాడు ఆ దొంగ పెద్దమనిషి! అసలు సంగతి చెప్పేసరికి నా చేతిలో కలం లాక్కుని నేలకేసి కొట్టింది.

"క్షమించానని నా నోటితో అన్నానా? మా ఊరి తల్లి పెద్దింట్లమ్మ సాక్షిగా చెప్పండి, నన్నొక్క మాట అడిగారా మీరు?"

అడగలేదని ఒప్పుకున్నాను. "ఉరి తియ్యమని రాయమంటారా అమ్మా?"

కిందపడ్డ కలం తీసి నా చేతిలో పెట్టింది. "వాణ్ణేం చేస్తారో దొరల ఇష్టం. నేను క్షమించలేదు. అది రాయండి, చాలు."

రాశాను. మూడుసార్లు చదివాను. నా తప్పు కూడా ఒప్పుకుంటూ సంతకం పెట్టి, రిజిస్టరు పోస్టులో పంపాను.

ఉరి తప్పి యావజ్జీవమైంది. తల్లి కాగితమే పనిచేసిందని ఊరిపెద్ద కోర్టు గుమ్మంలోనే చెప్పుకు తిరిగాడు. ఆ తర్వాత మా రెండో అర్జీ వెనక్కొచ్చింది, పై ఆఫీసు వాళ్ల ఎండార్స్‌మెంట్‌తో. అంటే అర్జీ మీదే రాసిన జవాబు: హతుడి తల్లి ఈ కేసులో పార్టీ కాదు, ఆమె మాట పరిశీలించనక్కర్లేదు.

ఒళ్లు మండిపోయింది. క్షమించానంటే కన్నతల్లి, క్షమించలేదంటే ఎవరో దారినపోయే మనిషా? ఉరి వెయ్యండి, మానండి, ఆ గొంతు మాత్రం ఆవిడది కాదూ! దాన్ని ముందు దొంగిలించిన చెయ్యి నాదేననుకుంటే ఇంకా మంట.

అప్పట్నుంచి, అర్జీలో ఏముందో వాళ్ల నోటితో నాకు తిరిగి చెప్పేదాకా ఎవరిచేతా వేలిముద్ర వేయించలేదు. చాదస్తమని నవ్వినవాళ్లని నవ్వుకోమన్నాను.

ఆ జవాబు చదివి వినిపించినప్పుడు నాగమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"అందులో నిజంగా అదే ఉందాండీ?"

ఉందన్నాను. ఆవిడ లేచి, పక్కనే కూర్చున్న ఇంకో అర్జీలాయన దగ్గరికెళ్లి, మళ్లీ చదివించుకుంది.