నేతగాడి పైన ఖాళీ గడి

మా ఓనరమ్మ పోయిన సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదు. వంశవృక్షాల వెబ్‌సైటు ఒకటి చెప్పింది. క్రెయిగీబర్న్ స్టేషన్లో డ్యూటీకి రైలెక్కి ఫోన్ తెరిస్తే, "మీరు గమనిస్తున్న పేజీలో మార్పు జరిగింది" అని ఈమెయిల్. నొక్కితే ఆవిడ పేరు, పుట్టిన తేదీ, దాని పక్కన నిన్నటిదాకా లేని ఇంకో తేదీ. బతికున్నవాళ్ళ పేజీలు ఆ సైట్లో బయటివాళ్ళకు కనపడవు. పోయాకే తెరుచుకుంటాయి. ఆవిడ పేజీ లోకమంతటికీ తెరిచి ఉంది.

దాని కింద ఇంకో మార్పు. అదే రోజు, ఆ తేదీ పెట్టిన మనిషే చేసింది. ఆవిడ తన చేత్తో తెంచేసిన ఒక జమీందారును మళ్ళీ ఆవిడ వంశంలోకి తెచ్చి అతికించారు. ఆవిడను ఇంకా మట్టిలో పెట్టారో లేదో తెలియదు, జమీందారు మాత్రం వచ్చి కూర్చున్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు ముందు ఒళ్ళు మండింది.

ఉద్యోగానికి ఈ ఊరు రాకముందు, సిడ్నీలో నర్సింగ్ చదివిన రోజుల్లో, రివర్‌స్టోన్‌లో ఆవిడ పాత చెక్క ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. స్కోఫీల్డ్స్ వైపు నుంచి కొత్త ఇళ్ళు వరసగా వచ్చేస్తున్నాయి. ఆవిడ ఇల్లు మాత్రం రంగు వెలిసిపోయి, ముందు ఒక నిమ్మచెట్టుతో, ఇరుగుపొరుగుతో మాటల్లేనట్టు నిలబడి ఉండేది. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. అన్నగారు కూడా పోయాడు, ఆయన కొడుకు ఒక్కడే మిగిలిన చుట్టం. ఆ మేనల్లుడు నెలకోసారి వచ్చి, టీ తాగి, గోడమీది ఫోటోలు చూసి వెళ్ళేవాడు.

ఆ ఫోటోలు హాల్లో ఒకదాని మీద ఒకటిగా ఉండేవి. కింద వాళ్ళ నాన్న, ఆపైన తాత, ఇలా పైకి. అన్నిటికన్నా పైన ఒక కోట బొమ్మ. వాళ్ళు హ్యూగెనాట్ల సంతతి. అంటే ఫ్రాన్సులో రాజుగారి మతం మాకొద్దన్నందుకు బతకనివ్వకపోతే, ఇళ్ళూ పొలాలూ వదిలి పారిపోయిన ప్రొటెస్టెంట్లు. వాళ్ళలో ఒకడు లండన్ చేరి పట్టు నేసుకు బతికాడు. వాడి మనవలూ మునిమనవలూ అటు దక్షిణాఫ్రికాకూ ఇటు ఆస్ట్రేలియాకూ చెదిరిపోయారు. ఆ నేతగాడు ఫ్రాన్సులో ఒక జమీందారు కొడుకని వాళ్ళ నమ్మకం. ఆ కోట ఆ జమీందారుదే. మేనల్లుడు ఫ్రాన్సు వెళ్ళి ఫోటో తీసుకొచ్చి, ఫ్రేము కట్టించి మేనత్తకు బహుమతి ఇచ్చాడు. టిక్కెట్టు కొనుక్కుని సొంత కోటలోకి వెళ్ళిన వారసుడు నాకు తెలిసి ఆయనొక్కడే.

ఈ చెదిరిన సంతానమంతా ఇంటర్నెట్లో కలిసి ఒకే వంశవృక్షం కడుతుంటారు. లోకమంతటికీ ఒకటే చెట్టు, ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. ఎవరైనా వచ్చి ఎవరికైనా తల్లినీ తండ్రినీ తగిలించవచ్చు. నలుగురూ చేరి చేసే పని ఎలా ఉంటుందో మీకు తెలుసు. చచ్చి పుట్టిన పిల్లలకు మనవలు, అయిదేళ్ళ తల్లులు, తనకన్నా ముందే పుట్టిన కొడుకులు. ఓనరమ్మ పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర టీ కప్పుతో కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఇవి సరిచేసేది. బళ్ళో తప్పు లెక్క చూసినప్పుడు కూడా ఆ మొహమే పెట్టి ఉంటుంది. "రాజులకే పిల్లలు పుట్టారు చూడు, కూలివాళ్ళంతా గొడ్రాళ్ళే కాబోలు," అనేది. ఆవిడన్నవన్నీ ఇంగ్లీషులోనే. నా తెలుగులో చెప్తున్నాను.

ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే. ఎవరు చెప్పారు? వాతావరణం గురించి చెప్పినా అడిగేది. "మా ఇంట్లో అనుకుంటారండీ" అన్న మాట వింటే చాలు, కప్పు ఠప్పున కింద పెట్టేది. నేను చేరిన కొత్తలో నాకూ ఒక చెట్టు మొదలుపెట్టింది. మాది బాపట్ల దగ్గర ఊరు. అమ్మ, నాన్న, అమ్మమ్మలు, తాతలు చకచకా చెప్పాను. తాత తండ్రి బాప్తిస్మం తీసుకున్నాడని, అప్పుడు పెట్టిన పేరే మాకు తెలుసని చెప్పాను. అంతకు ముందు ఆయన్ని ఏమని పిలిచేవారో ఎవరూ రాయలేదు. రాసేవాళ్ళు మా వైపుకు వచ్చేవాళ్ళు కాదు.

"ఆయన నాన్న?" అంది, పైనున్న ఖాళీ గడి చూపించి.

"తెలియదండీ."

నేను తల వంచుకున్నానేమో, ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "తెలియదన్న మాట ఇంత శుభ్రంగా చెప్పిన మనిషిని ఈ బల్ల దగ్గర ఇప్పుడే చూస్తున్నాను. ఖాళీ గడికి సిగ్గెందుకు? అందులో దొంగను కూర్చోబెట్టినవాళ్ళు సిగ్గుపడాలి," అంది. ఆ రోజు నాకు అది ఊరికే మర్యాదకు అన్న మాటలా అనిపించింది.

కాదని స్కోఫీల్డ్స్‌లో తెలిసింది. అక్కడ ఒక తెలుగు అంకుల్ ఇంట్లో బార్బీకి, అదే పెరట్లో మాంసం కాల్చుకు తినే విందుకి, పిలిస్తే, నాతో పాటు ఓనరమ్మను కూడా తీసుకెళ్ళాను. మా యూనివర్సిటీ పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. అంకుల్ మాంసం ముక్కలు తిప్పుతూ, తన వంశం గురించి ఆవిడకు ఇంగ్లీషులో చెప్పడం మొదలెట్టాడు. వాళ్ళ ముత్తాతలు సంస్థానంలో దివాన్లట. ఏనుగు ఉండేదట.

"ఎవరు చెప్పారు?" అంది ఓనరమ్మ.

"మా డాడీ."

"ఆయనకెవరు చెప్పారు?"

"వాళ్ళ ఫాదర్."

"అయితే ఒక్కడే చెప్పాడన్నమాట. ఏనుగును ఇంకెవరైనా చూశారా?"

అంకుల్ నవ్వి, ముసలావిడకు మతి స్థిమితం లేదనుకుని, నా వైపు తిరిగాడు. ఇక అక్కడి నుంచి తెలుగు.

"నీ ఇంటిపేరేంటమ్మా?"

చెప్పాను. ఆయన బుర్రలో ఏవో గళ్ళు వెతుక్కున్నాడు. దొరకలేదు.

"ఊరు?"

చెప్పాను.

"ఊళ్ళో ఏ వైపు? మెయిన్ రోడ్డు వైపా, అవతలా?"

"పోనిద్దురూ, పిల్లని తిననివ్వండి," అంది ఆంటీ. అన్నదే గానీ జవాబు కోసం ఆవిడా గరిటె పట్టుకుని ఆగింది.

సముద్రాలు దాటి వచ్చి, మూడు గదుల ఇల్లు కట్టి, పిల్లలు తెలుగులో ఒక్క ముక్క మాట్లాడకపోయినా బెంగ లేదు గానీ, ఎదుటి పిల్ల ఊరికి ఏ వైపుదో తేలకపోతే ఈ మనిషికి మాంసం మింగుడుపడదు. నా నోట్లో అబద్ధం తయారుగా ఉంది. మెయిన్ రోడ్డే అంకుల్ అనేస్తే పోయేది. ఓనరమ్మ నా మొహంలోకి చూస్తోంది, ఒక్క మాటా అర్థంకాకుండా. "అవతలే అంకుల్," అన్నాను. "ఓహో, గుడ్ గుడ్," అన్నాడు. తర్వాత నాతో మాట్లాడలేదు. ఆ ఇంటి నుంచి మళ్ళీ పిలుపు రాలేదు.

కారులో వస్తూ, ఆయన ఏమడిగాడని ఓనరమ్మ అడిగింది. వివరించాను. స్టీరింగ్ మీద వేలితో కొడుతూ వింది. "వాడి ఏనుగు మీద ఉమ్మెయ్," అంది చివరికి. ఆవిడ నోట అంతకన్నా మోటు మాట నేనెప్పుడూ వినలేదు.

ఆ చలికాలంలోనే జమీందారు సంగతి బయటపడింది. నేతగాడి పేజీలో తండ్రిగా జమీందారును పెట్టింది దక్షిణాఫ్రికాలో ఒకావిడ. రుజువేమిటని ఓనరమ్మ మర్యాదగా రాసింది. కెనడాలో ఒకాయన దగ్గర చూశానందావిడ. కెనడా ఆయన అమెరికా ఆయన్ని చూపించాడు. ముగ్గురూ కూడా ఇంతమంది రాశాక అనుమానమేమిటని విసుక్కున్నారు. "ఒక్క అబద్ధాన్ని పదిమంది రాసుకుంటే పది సాక్ష్యాలవుతాయా?" అని బల్ల దగ్గర నాకు పాఠం చెప్పేది. ఆ మూర్ఖులను తలుచుకుని హాయిగా నవ్వుకునేది. చివరికి అమెరికా ఆయన జవాబిచ్చాడు. ఆస్ట్రేలియాలో ఒక కుటుంబం వాళ్ళు కలుసుకున్నప్పుడు అచ్చువేసిన చిన్న పుస్తకంలోంచి తీసుకున్నాడట. రాసినవారి పేరు కూడా ఇచ్చాడు.

అది ఓనరమ్మ వాళ్ళ నాన్న పేరు.

ఆవిడ నవ్వడం ఆపేసింది. ఆ పుస్తకం ఆవిడ అలమారలోనే ఉంది, చిన్నప్పటి నుంచీ చదివిందే. నాన్న రాశాడు కాబట్టి ఎవరు చెప్పారని ఎన్నడూ అడగలేదు. లోకమంతా తిరిగి వచ్చిన అబద్ధం బయల్దేరింది తన ఇంటి గుమ్మంలోంచే. నేను టీ పెట్టి ఇచ్చాను. ఈసారి తిట్టబోయేది ఎవరినా అని చూస్తూ కూర్చున్నాను.

తిట్టలేదు. "మా నాన్న వెన్న ఫ్యాక్టరీలో పని చేసేవాడు," అంది. "మా అమ్మ తరపువాళ్ళు భూములున్నవాళ్ళు. పండక్కి వాళ్ళింటికి వెళితే నాన్నను వంటింటి తలుపు దగ్గర కూర్చోబెట్టేవాళ్ళు. నీ పెద్దలెవరని అడిగేవాళ్ళు, జవాబు తెలిసి కూడా. ఒకసారి భోజనాల దగ్గర ఆయన జమీందారు పేరు చెప్పాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళో ఏమో. అంతకు ముందు ఆ పేరు మా ఇంట్లో విన్న గుర్తు లేదు." కప్పు పక్కకు జరిపి, "పాపం, ఆయనకు జమీందారు అవసరమయ్యాడు. నాకు అవసరం లేదు," అంది. లోకంలో ఆవిడ క్షమించిన అబద్ధాలకోరు ఆయనొక్కడే అనుకుంటాను.

అయినా వెంటనే తెంచలేదు. ఫ్రాన్సులో పాత కాగితాలు చదవగలిగేవాళ్ళకు రాసింది. జమీందారుకు ఆ పేరుగల కొడుకు ఉన్నమాట నిజమే గానీ, వాడు మతం మార్చుకుని, ఆస్తి నిలుపుకుని, అక్కడే ముసలివాడై చనిపోయాడని తేలింది. పారిపోయినవాడు వేరే మనిషి. ఎవరి కొడుకో ఎవరికీ తెలియదు. అప్పుడు తెంచింది. ఆ సైటు ప్రతి మార్పుకూ కారణం అడుగుతుంది. "మా నాన్న చెప్పాడు. ఆయనకెవరూ చెప్పలేదు," అని రాసి సంతకం పెట్టింది. ఆ తర్వాత నేతగాడి పేజీకీ తన పేజీకీ కాపలా ఉండేవాళ్ళలో నన్నొకదాన్ని చేర్చింది. నాకేం తెలుసండీ అంటే, "ఇందులో నీకు జమీందార్లెవరూ దొరకరు. అందుకే నిన్ను నమ్ముతాను," అంది.

ఇక చూడాలి ఆ హ్యూగెనాట్ వారసుల గోల. ఆస్తీ ప్రాణం లెక్కచేయకుండా నిజం కోసం పారిపోయిన వాళ్ళ సంతతిమని ఏటా సభలు పెట్టుకునేవాళ్ళు, ఒక్క నిజాన్ని తట్టుకోలేకపోయారు. ఆవిడకు మతి చలించిందన్నారు, ద్రోహి అన్నారు. మేనల్లుడు మాత్రం ఇంటికే వచ్చాడు. వేలికి ఆ జమీందారు ముద్రతో చేయించుకున్న ఉంగరం. "తాతయ్యను అబద్ధాలకోరును చేశావు," అన్నాడు. "ఆయన పెట్టిన బరువు దించాను," అందావిడ. కోట ఫోటోను ఫ్రేములోంచి తీసి వాడి చేతికే ఇచ్చింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కనని చెప్పి వెళ్ళాడు, అన్నంత పనీ చేశాడు. ఆవిడ క్రిస్మస్‌కు కార్డు పంపుతూనే ఉండేది. జవాబు వచ్చిందా అని నేను అడిగితే, నిమ్మకాయలు కోసుకురమ్మనేది. మిగిలిన ఒక్క చుట్టమూ అలా పోయాడు. అది ఆవిడకు బాధ కాదని నేను చెప్పను.

ఆవిడ పోయిందని తెలిసిన రోజు, రైలు దిగి మేనల్లుడికి ఫోన్ చేశాను. ఆ రెండు మార్పుల కిందా ఉన్నది ఆయన పేరే. అంత్యక్రియలు అయిపోయాయన్నాడు. నాకెందుకు చెప్పలేదంటే, అద్దెకున్నవాళ్ళందరికీ చెప్పాలా అన్నాడు. జమీందారు సంగతి ఎత్తాను.

"అత్త లేదు కదా ఇప్పుడు. ఎవరికి నష్టం?"

"రుజువు దొరికిందా?"

"మా తాత మాట చాలు. అయినా నువ్వెవరు మా వంశం గురించి అడగడానికి? మా వాళ్ళెవరో కూడా తెలియదు నీకు."

"మీకూ తెలియదండీ," అన్నాను. ఫోన్ పెట్టేశాడు. స్కోఫీల్డ్స్ అంకుల్, ఈయన ఒకే తల్లి బిడ్డలని నా నమ్మకం. రుజువు లేదు కాబట్టి ఏ చెట్టు మీదా పెట్టను.

డ్యూటీ అయ్యాక, ఆస్పత్రి క్యాంటీన్లో కూర్చుని నేతగాడి పేజీ తెరిచాను. తండ్రి గడిలో జమీందారు, పక్కన కోట ఫోటో. తీసేశాను. సైటు కారణం అడిగింది. కింద పాత మార్పుల్లో ఆవిడ రాసిన వాక్యం అలాగే ఉంది. దాన్నే మళ్ళీ రాశాను. మేనల్లుడు రేపు మళ్ళీ పెడతాడు. నేను మళ్ళీ తీస్తాను. నాకు వయసుంది.

అప్పట్లో మేనల్లుడికి కోట ఫోటో ఇచ్చేశాక ఆవిడ ఆ ఫ్రేమును పారెయ్యలేదు. ఖాళీగానే తిరిగి పైన తగిలించింది. అద్దం వెనక గోడ చెక్కలు కనపడుతుండేవి. శనివారాలు స్టూలెక్కి మిగతా ఫోటోలకన్నా ముందు దాన్నే తుడిచేది. పడిపోతారేమోనని నేను స్టూలు పట్టుకుని, అందులో ఏముందని తుడుస్తున్నారండీ అని ఒకసారి అడిగాను.

"ఒక మనిషున్నాడు," అంది అద్దం మీద నోటితో ఆవిరి ఊది, గుడ్డతో మెల్లగా తుడుస్తూ. "ఎవరో తెలియదు, అంతే."