ఏడువారాల ఒక్కపొద్దులు

నడుము తగ్గించుకోవడానికి దేవుళ్లను అడ్డం పెట్టుకుని, తాండూరులో ఇంటినిండా చుట్టాల ముందు నేను దొరికిపోయిన సంగతి చెబుతాను. ప్రాణం దక్కింది, అమ్మవారి దయ. పరువు సంగతి మీరే తేల్చండి.

మా వికారాబాదులో ఒక పెళ్లి. ఫోటోలు తీసే ఆయన నన్ను చూసి, "అక్కా, జర ఎనుక లైన్ల నిలబడు, నీ ఎనుక ముగ్గురు కనవడ్తలేరు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ మర్నాటి నుంచి అద్దం ముందు కళ్లు మూసుకునే బొట్టు పెట్టుకున్నాను. అది సగం రోజులు కనుబొమ మీద ఉండేది.

తిండి మానేస్తానంటే అత్తమ్మ ఊరుకోదు. ఒక్కపొద్దంటే మాత్రం చేతులెత్తి మొక్కుతుంది. పగలంతా ఉపవాసం, సాయంత్రం ఒక్కపూట భోజనం. నా చదువంతా ఇంట్లో నాన్న దగ్గర పురాణాలతోనే సాగింది కనుక ఏ వారం ఏ దేవుడిదో కంఠతా వచ్చు. గొప్పింటివాళ్లకు ఏడువారాల నగలు, నాకు ఏడువారాల ఒక్కపొద్దులు. ఆ ఒక్కపూట అన్నంలోనూ ముప్పాతిక చాటుగా వాకిట్లోకి వచ్చే ఆవుకు పెట్టేదాన్ని. ఆవు నిగనిగలాడింది. నాకు నిద్ర కరువైంది, జుట్టు రాలింది, జపమాలలో చిల్లున్న ప్రతి పూసా గారెలా కనిపించసాగింది.

"మా కోడలి భక్తి సూడుండ్రి" అని అత్తమ్మ వాడంతా చెప్పుకుంది. మింగ మెతుకు లేదు, ముఖానికి భక్తి సంపెంగ నూనె.

బోనాలకు తాండూరులో మా ఆడబిడ్డ ఇంటికి వెళ్లాం. వాకిట్లో డప్పు మొదలైంది, లోపల కందిపప్పుకు పోపు పెట్టారు. ఆ వాసనకు నా తల గిర్రున తిరిగింది. గోడ పట్టుకుని ఊగాను.

"కోడలి మీదికి అమ్మ వచ్చింది" అన్నారెవరో. క్షణంలో నా ముఖాన పసుపు, చేతిలో వేపమండ.

అత్తమ్మ చేతులు జోడించింది. "ఏం గావాలె తల్లీ?"

"పప్పన్నం." నోరు జారింది.

"ఇంకేం గావాలె?"

"మామిడికాయ తొక్కు."

"అమ్మవారు తొక్కడుగుతదా?" అని ఒకామె గొణిగింది.

"నోరు మూస్కో. అడిగితే పెట్టాలె" అని అత్తమ్మ కసిరింది.

అంతలో ఆడబిడ్డ వచ్చి నా కాళ్ల మీద పడింది. "తల్లీ, నా బిడ్డకు ఆపరేషన్ జెయ్యాలంటున్నది డాక్టరమ్మ. చేపియ్యాల్నా, ఒద్దా? నువ్వేమంటే గదే చేస్త."

"చేయించు" అంటే సరిపోయేది. కానీ అమ్మవారి నోటితో నేను మాట్లాడటమా? ఆ పిల్ల ప్రాణం మీద ఇంకో అబద్ధమా?

"లే వదినా. డాక్టరమ్మ మాటే ఇను. నా మీదికొచ్చింది అమ్మ కాదు, ఆకలి. సన్నబడాలని తింటలేను."

డప్పు ఆగింది. అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎన్ని దినాల సంది?"

"నలభై దినాల సంది, అత్తమ్మా."

అప్పుడు ఆమె కొంగుతో నా ముఖాన పసుపు తుడిచింది. "ఆకలి గూడ అమ్మనే, బిడ్డా. పెట్టకుంటే గిట్లనే ఊగుతది. ఎవరన్న ఇస్తరెయ్యిండ్రి."

పిల్లకు ఆపరేషన్ జరిగింది, చల్లగా ఉంది. తల్లికి వేయి దండాలు.

ఆ రోజు ఆ విస్తరి ముందే నేను ప్రమాణం చేశాను: ఇకమీద దేవుడి కోసం పస్తుంటానే తప్ప, దేవుడి పేరు చెప్పి పస్తుండను. ప్రమాణమన్నాక సాక్ష్యం ఉండాలి కదా అని, పప్పు రెండోసారి వేయించుకున్నాను.