డ్రైవరును మానవత్వంతో తీసెయ్యడం

మా ఆఫీసులో టీ ఇచ్చే పేపరు కప్పు ఏడాదికేడాది చిన్నదవుతోంది. ఈ విషయమై రెండుసార్లు నోట్ పెట్టాను. జవాబు లేదు. శామీర్‌పేట దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో పరిపాలనాధికారిగా నా అధికారం ఎంతటిదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అలాంటి నాకు ప్రిన్సిపాల్ గారు ఒకరోజు పెద్ద పని అప్పజెప్పారు. జవహర్‌నగర్ రూటు బస్సు డ్రైవరుకు షుగరు వల్ల చూపు బాగా తగ్గిందని మేడ్చల్‌లో చేయించిన పరీక్షలో తేలింది. పన్నెండేళ్లలో బస్సుకు ఒక్క గీత పడనివ్వని మనిషి. అతని బిడ్డ కూడా ఆ బస్సులోనే మా కాలేజీకి వస్తుంది. వేరే పని ఏదైనా ఇద్దామంటే ఖాళీలు లేవన్నారు.

"తీసెయ్యండి. కానీ మానవత్వంతో," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

చదువుకున్నవాణ్ని కాబట్టి మానవత్వం గురించి ఇంటర్నెట్‌లో చూశాను. ఏకాంతంగా కూర్చోబెట్టాలి, రెండు నిమిషాల్లో అసలు మాట చెప్పెయ్యాలి అని ఉంది. నా గదికి మూడు వైపులా అద్దాలు. అందుకని మధ్యాహ్నం ఖాళీ బస్సులో కలుద్దామన్నాను. అతను అలవాటుగా స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను వెనక సీట్లో. ఉద్యోగం పోయిందన్న మాట మనిషి మెడకు ఎలా చెప్పాలో ఇంటర్నెట్‌లో లేదు.

దుండిగల్ ట్రాఫిక్ గురించీ ఎండల గురించీ ఇరవై నిమిషాలు మాట్లాడాను.

"కండ్ల సంగతేనా సార్?" అన్నాడు అద్దంలో నన్ను చూస్తూ.

"అన్నా, రిపోర్టులో..."

"రిపోర్టు గట్లనే రాస్తరు. గీ రూటు నాకు కండ్లు మూసుకున్నా ఎరుకే. డంపింగ్ యార్డు చెత్త వాసన రాంగనే ఎడమకు మల్పుడే."

ఇది అతని తరఫు వాదన.

"నమ్ముతలేరా? అగో, గేటు కాడ కుక్క పండుకున్నది."

గేటు దగ్గర ఉన్నది సిమెంటు సంచి. చెప్పాల్సిన మాటకు అంతకన్నా మంచి సందు దొరకదు. కానీ అద్దంలో అతని మొహం చూశాను.

"అవునన్నా, కుక్కే," అన్నాను.

"మరింకేంది! మంచిగనే కనవడ్తాంది గద. రేపు పొద్దుగాల డ్యూటీకొస్త."

ఒక్క మాటతో డాక్టరు రిపోర్టు కొట్టేసి, అతన్ని మళ్లీ ఉద్యోగంలో పెట్టేశాను. నాకంత అధికారం ఉందని అప్పటిదాకా తెలియదు.

"అన్నా... అది సంచి. సిమెంటు సంచి."

అతను దిగి, గేటుదాకా నడిచి, వంగి చేత్తో తడిమాడు. తిరిగొచ్చి బస్సు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను తయారు చేసుకున్న మాటలు మొదలుపెట్టాను: పన్నెండేళ్ల సేవ, కాలేజీ కృతజ్ఞత, కంటి వైద్యానికి సాయం. అతను చెయ్యెత్తి ఆపాడు.

"నాకంటే కనవడలే సార్. నా బిడ్డ ఎక్కే బండి ఇది. మీకు కనవడ్డంక గుడ కుక్కే అన్నరేంది?"