మౌనిక ఆరో వేలు, క్యాంపస్ చెట్ల కింద ఒక మధ్యాహ్నం

తార్నాకలో డాక్టరు మాకు సాయంత్రం ఐదింటికి రమ్మన్నారు. మా చెల్లెలు మౌనిక రెండు కాకముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. పుట్టుకతోనే ఆమె ఎడమచేతికి ఆరు వేళ్లు, చిటికెన వేలి పక్కన ఇంకో చిన్న వేలు. పంతొమ్మిదేళ్లు దాంతోనే పెరిగింది. ఇప్పుడు తీయించుకుంటానంటోంది. చుట్టాల మాటలు పడలేకనే అనుకున్నాను, నాకది ఇష్టం లేదు. ఇంట్లో కూర్చుంటే వాదించుకుంటామని, కాసేపు యూనివర్సిటీ క్యాంపస్‌లో తిరిగి అటునుంచి అటే వెళ్దామన్నాను.

వారాసిగూడ నుంచి సీతాఫల్‌మండి మీదుగా ఆటోలో పావుగంట ప్రయాణం, ఎనభై రూపాయలు. బస్సులో వెళ్తే ఇంకా చవకే గానీ, స్టాపులో నిలబడే ఓపిక మౌనికకు లేదు. "క్యాంపస్‌ల యాడ దిగుతరు?" అని డ్రైవరు అడిగితే, "చెట్లున్న కాడ ఆపు అన్నా" అంది. "గాడ ఎటు చూసినా చెట్లేనమ్మా" అంటూ ఆయన ఒక కానుగ చెట్టు నీడలో దింపాడు.

వాన పడి వెలిసిన రోజు. బెంచీ కనబడగానే నేను కూర్చున్నాను. ఆమె కూర్చోలేదు. "కూసుంటె కాళ్లు గుంజుతున్నయి అన్నా, నడుద్దాం పా" అంది. నడుస్తూ నేను చూపించడం మొదలుపెట్టాను. పొడుగు పూలలోకి వంకర ముక్కు దూర్చి తేనె తాగుతున్న తేనెపిట్ట. తుమ్మ కొమ్మకు పశువుల్ని దగ్గరికి రానివ్వని ముళ్లు. బెరడు రంగులో కలిసిపోయి, మెడ మాత్రం ఎర్రగా పొంగించుకున్న తొండ. "చూడు, ఏదీ ఊరికే రాదు. ప్రతిదానికీ ఒక పని ఉంటుంది" అన్నాను.

మౌనిక ఆగింది. "నువ్వు చెట్లు చూపిస్తున్నవా, నా చెయ్యి చూపిస్తున్నవా?"

ఆ మాట పక్కనే కెమెరాతో నిలబడ్డ ఒకామెకు వినిపించినట్టుంది, నవ్వింది. పేరు సునీత, జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తోందట. కాస్త దూరంలో మేస్తున్న నెమలిని ఫొటోలు తీస్తోంది. నేను ఊరుకోకుండా, "మీరే చెప్పండి మేడం, ప్రతి అవయవానికీ ఒక ఉపయోగం ఉంటది కదా?" అని అడిగాను.

"అన్నిటికీ ఉండదండీ. కొన్ని ఊరికే అట్ల వస్తయి" అంది ఆమె. "ఉన్నవి కూడా అన్ని చోట్లా పనికిరావు. గా తోకనే చూడండి. ఆడనెమలి ముందు అదే గొప్ప. కుక్క తరిమిందనుకోండి, అదే బరువు." తర్వాత కానుగ కొమ్మ వంచి చూపించింది. నీడలో ఉన్న ఆకు పెద్దది, పలచన. ఎండ తగిలే పై ఆకు చిన్నది, మందం. "చెట్టు ఒక్కటే. ఆకు ఉన్న జాగాను బట్టి తీరు మారింది."

మౌనిక ఆ రెండు ఆకుల్నీ తెంపి వేళ్ల మధ్య నలిపింది. ఆ తర్వాత టైం అడిగింది. నాలుగున్నర. తార్నాక వైపు గేటు దాకా ఆమె నడుస్తుంటే నేను వెనకబడ్డాను.

డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆ వేలు మడవమన్నారు. మడిచింది. "దీనికి ఎముక ఉన్నది, కదలికా ఉన్నది. ఉంచుకున్నా నష్టం లేదు, తీసినా నష్టం లేదు. ఎందుకు తీయించుకుంటవమ్మా?"

"నర్సింగ్ చదువుతున్న సార్. గ్లౌజ్ తొడిగితే రెండు వేళ్లు ఒక్క దాంట్లనే దూరాలె. గంటసేపు ఉంచితే తిమ్మిరెక్కుతది. మొన్న సూది పట్టుకున్న చెయ్యి వణికింది. పేషెంట్‌కు గుచ్చుకుంటదని భయమైంది."

చుట్టాల సంగతి ఆమె ఎత్తనే లేదు. బయటికొచ్చాక, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "నువ్వు అడగలె గదా అన్నా. వద్దనే అన్నవు" అంది, కోపం లేకుండానే. ఆమె నర్సింగ్ పరీక్షలు అయ్యాక వచ్చేలా ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసుకుని, మెట్రో స్టేషన్ కింద మిర్చి బజ్జీలు తిని ఇంటికెళ్లాం. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు వార్డులో డ్యూటీ చేస్తోంది.

ఆ మధ్యాహ్నం నేను ముక్కులకూ ముళ్లకూ అర్థాలు వెతికాను. నా పక్కన నడిచే మనిషి చేయి రోజంతా ఏం పని చేస్తుందో మాత్రం తెలుసుకోలేదు. ఒక అవయవం మంచిదా కాదా అన్నది దాన్ని మోసేవాళ్లకే తెలుస్తుందని ఇప్పుడు అనుకుంటాను.

మీరూ ఆ క్యాంపస్‌కు వెళ్తే వాన వెలిసిన రోజు మూడు దాటాక వెళ్లండి, పిట్టలు బాగా కనబడతాయి. చెప్పులతో మాత్రం గడ్డిలోకి దిగకండి, బూట్లు వేసుకోండి. పల్లేరు కాయకు ముళ్లున్నది దాని విత్తనం ఊరు దాటడానికే. ఆ ప్రయాణం మీ అరికాలి మీద జరగనక్కర్లేదు.